గంటసేపు లైట్లు ఆర్పితే ఎవరికేం ఒరిగింది? (మొన్నటి ఎర్త్ అవర్ మీద చర్చ)

మూడో అంతస్తు నాన్న, కూకట్‌పల్లి
23 మార్చి 2025, ఉదయం 7:40

నిన్న రాత్రి మా అపార్ట్‌మెంట్లో జరిగిన రభస చెప్తాను. తప్పెవరిదో మీరే తేల్చండి.

ఎర్త్ అవర్ గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. ఏటా మార్చి చివర్లో ఒక శనివారం రాత్రి 8:30 నుంచి 9:30 దాకా అవసరంలేని లైట్లు ఆర్పమని డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పర్యావరణ సంస్థ ప్రపంచమంతటికీ పిలుపునిస్తుంది. ఈసారి అది నిన్న, 22న వచ్చింది. సచివాలయం, అంబేడ్కర్ విగ్రహం, చార్మినార్, దుర్గంచెరువు కేబుల్ బ్రిడ్జి లాంటిచోట్ల ఆ గంట లైట్లు తీసేస్తామని ముందే ప్రకటించారు.

మా అసోసియేషన్ వాళ్లు రెండు రోజుల ముందే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. "ఆర్పండి" అని కాదు, "ఆర్పాలి" అని. మావి 80 ఫ్లాట్లు. సరిగ్గా ఎనిమిదిన్నరకి కారిడార్ లైట్లు, మెట్ల లైట్లు, ఒక లిఫ్టు బంద్. కింద లాబీలో కొవ్వొత్తులతో భూగోళం బొమ్మ పేర్చారు. పైనుంచి తీయడానికి డ్రోన్ కూడా తెప్పించారు.

మా పాప పదో తరగతి. పొద్దున హిందీ పరీక్ష రాసి వచ్చింది, సోమవారం ఇంగ్లీషు. దాని గదిలో లైటు ఆర్పలేదు. ఎనిమిది నలభైకి కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే ముగ్గురు. "సార్, డ్రోన్‌లో మీ కిటికీ ఒక్కటే కనబడుతోంది, ఫొటో పాడవుతోంది" అన్నారు. పరీక్షలండీ అన్నాను. "ఒక్క గంటే కదా, భూమి కంటే ఎక్కువా?" అన్నాడు పెద్దాయన. ఈయనకి ఫ్లాట్లో నాలుగు ఏసీలు, కింద రెండు కార్లు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

ఇంతలో మెట్ల మీద ధడేల్‌మని చప్పుడు. నీళ్ల క్యాన్ వేసే కుర్రాడు ఇరవై లీటర్ల క్యాన్ భుజాన పెట్టుకుని చీకట్లో ఎక్కుతూ రెండో అంతస్తు దగ్గర మెట్టు తప్పాడు. క్యాన్ పగిలింది, మోకాలు గీరుకుపోయింది. వాడికి ఆ మెసేజ్ ఎవరు పంపుతారు, గ్రూపులో లేడు కదా.

తొమ్మిదిన్నర కాగానే ఈలలు, చప్పట్లు. ఆ వెంటనే ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు ఒకటొకటిగా గుర్రుమనడం మొదలుపెట్టాయి. మా బాల్కనీలో నిలబడి విన్నాను.

ఇది పర్యావరణమా, పేరంటమా?


లెక్కల మాస్టారు, తెనాలి
ఉదయం 8:25

కొవ్వొత్తులు ఎన్ని వెలిగించారో గుర్తుందా నాన్నగారూ?


మూడో అంతస్తు నాన్న
ఉదయం 8:31

ఒక అరవై ఉంటాయండీ. తెల్లవి, లావుపాటివి.


లెక్కల మాస్టారు
ఉదయం 9:10

అయితే లెక్క చూడండి. ఇంటికి నాలుగు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు అనుకుందాం. 80 వాట్లు. 80 ఇళ్లకి 6,400 వాట్లు, అంటే గంటకి 6.4 యూనిట్లు. మన దేశంలో యూనిట్ కరెంటుకి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మీ అపార్ట్‌మెంట్ మొత్తం ఆపింది నాలుగున్నర కిలోలు.

ఇప్పుడు కొవ్వొత్తి. అది పారఫిన్ మైనం, పెట్రోలియం నుంచి వచ్చేది. గంటకి ఏడు గ్రాముల దాకా కాలుతుంది. దాన్నుంచి ఇరవై గ్రాములకు పైనే కార్బన్ డయాక్సైడ్. అరవై కొవ్వొత్తులంటే కిలోంబావు. ఆదా చేసినదాంట్లో పావు వంతుకు పైగా లాబీలోనే తగలబెట్టారన్నమాట. ఒక 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు గంటసేపు వెలిగితే ఆరు గ్రాముల పైచిలుకే. బల్బు ఆర్పి కొవ్వొత్తి వెలిగించినవాడు మూడింతల పొగ వదిలి, ఇచ్చే వెలుతురులో యాభయ్యో వంతు కూడా తెచ్చుకోలేదు.

మిగిలిన ఆదా ఎంతంటే, మీ పెద్దాయన ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటి ఒక రాత్రి వాడుకునేంత కూడా ఉండదు.


వెలుగు వీరాభిమాని
ఉదయం 9:48

మాస్టారు లెక్కతో చంపేశారు. నాది లెక్క కాదు, కడుపుమంట. మా అమ్మ బుడ్డి దీపం ముందు చదివి టీచరైంది. పొద్దున లేచి ముక్కు తుడుచుకుంటే మసి వచ్చేదట. ఇంట్లోకి కరెంటు వచ్చిన రోజు మా తాత స్విచ్‌బోర్డుకి పసుపు కుంకుమ పెట్టాడు. చీకటిని పండగలా జరుపుకోవడం తరతరాలుగా వెలుతురు చూసినవాళ్లకే చెల్లింది.

అమెరికాలో కాంపిటీటివ్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ 2009 నుంచి దీనికి పోటీగా "మానవ విజయాల గంట" అని పెట్టింది. ఆ గంట లైట్లన్నీ వేసుకుని కూర్చోమంటారు. నిన్న నేను అదే చేశాను. పూజగదిలో సీరియల్ సెట్‌తో సహా.


ఫ్లడ్‌లైట్
ఉదయం 10:02

నిన్న సాయంత్రం ఏడున్నరకి ఈడెన్ గార్డెన్స్‌లో ఐపీఎల్ మొదటి మ్యాచ్. ఎనిమిదిన్నరకి ఫ్లడ్‌లైట్లు ఆర్పి, కోల్‌కతా, బెంగళూరు జట్లని టార్చిలైటుతో ఆడమంటే పర్యావరణం మీద మన ప్రేమెంతో తేలిపోయేది. మీ లాబీలో కొవ్వొత్తుల పక్కన ఫోన్లో స్కోరు చూసినవాళ్లు ఎందరు నాన్నగారూ?


మూడో అంతస్తు నాన్న
ఉదయం 10:05

డ్రోన్ కుర్రాడే చూస్తున్నాడు.


సిడ్నీ అక్క
మధ్యాహ్నం 12:30

ఎగతాళి చేసేముందు ఇది ఎక్కడ పుట్టిందో కాస్త వినండి. మొదటిసారి జరిగింది మా ఊళ్లోనే, 2007 మార్చి 31న. అప్పుడు టైము ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర. నేను చదువుకోవడానికి వచ్చి ఏడాదయింది. హార్బర్ బ్రిడ్జి, ఒపెరా హౌస్ ఒక్కసారి నల్లబడిపోతే ఫెర్రీ మీదున్న జనం మాటలాపేశారు. ఇరవై రెండు లక్షల మంది పాల్గొన్నారన్నది సర్వే మీద కట్టిన అంచనా, దాన్ని అటూ ఇటూ లాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది వదిలేయండి.

ఆ రోజుల్లో ఇక్కడి కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. కార్బన్ పొగ తగ్గించడానికి దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందాన్ని ప్రభుత్వం ఆమోదించనని భీష్మించుకుని ఉంది. అదే ఏడాది నవంబరులో ఎన్నికలయ్యాయి, కొత్త ప్రభుత్వం డిసెంబరులో సంతకం పెట్టింది. అది ఎర్త్ అవర్ వల్లే అని అనను. కానీ ఆ ఏడాది అందరి నోళ్లలో నానిన విషయాల్లో అదొకటి. 2012లో రష్యాలో ఇదే పేరుతో లక్షకు పైగా సంతకాలు సేకరించి, సముద్రాల్లో చమురు కాలుష్యాన్ని అరికట్టే చట్టం కోసం అడిగారు, చట్టం వచ్చింది. అంటే పిలుపు వట్టి స్విచ్ దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

మాస్టారి కొవ్వొత్తి లెక్క మాత్రం ఒప్పుకుంటాను. ఇక్కడ కూడా ఆ వెక్కిరింతలు మొదటినుంచీ ఉన్నాయి.


కదిరి వేరుశనగ
మధ్యాహ్నం 1:15

అక్కా, మీకు గంటసేపు చీకటి కూడా కొత్తే. మాకు చీకటి పాతచుట్టం. 2012లో మా ఊరికి పగలు కరెంటు ఎప్పుడొచ్చేదో, ఎప్పుడు పోయేదో లైన్‌మ్యాన్‌కే తెలియదు. మోటారుకి కరెంటు రాత్రి ఒంటిగంటకో రెండింటికో ఇచ్చేవాళ్లు. టార్చి పట్టుకుని పోయి స్టార్టర్ నొక్కాలి. గట్టు మీద పాములు, తడికాళ్లతో ఫ్యూజు పెట్టెలు. మా పక్క చేనాయన అట్లా షాక్ కొట్టి మూడు నెలలు మంచాన పడ్డాడు. ఇప్పుడు పగలే ఇస్తున్నారు కాబట్టి రాత్రి పూట నిద్రపోతున్నాం. మళ్లీ "చీకట్లో గంటసేపు కూర్చోండి, హాయిగా ఉంటుంది" అని ఎవరైనా అంటే నవ్వొస్తుంది, అంతే.

అయితే ఇంకోటి కూడా చెప్పాలి. మా ఊరి వీధి లైట్లకి స్విచ్ లేదు. స్తంభం దగ్గర రెండు వైర్ల కొసలు వేలాడుతుంటాయి. సాయంత్రం ఎవరో ఒకరు కర్రతో కొక్కెం తగిలిస్తారు. పొద్దున తీసేవాడు ఉండడు. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట, ఎండ మండిపోతోంది. రచ్చబండ దగ్గర నాలుగు లైట్లు వెలుగుతున్నాయి. నేను ఇక్కడినుంచే చూస్తున్నా.


కొవ్వొత్తుల బ్యాచ్, విజయవాడ
మధ్యాహ్నం 3:40

నేను మా అపార్ట్‌మెంట్లో మూడేళ్లుగా ఇది చేయిస్తున్నదాన్ని కాబట్టి తిట్లు నాకూ తగిలాయి. నాన్నగారూ, మీ దగ్గర జరిగింది దౌర్జన్యం. మెట్ల లైట్లు ఎవరూ ఆర్పకూడదు, "అవసరంలేనివి" అన్న మాటకి అర్థం అదే. చదువుకునే పిల్ల గదికి వెళ్లి బెల్లు కొట్టినవాళ్ల తరఫున నేను సిగ్గుపడుతున్నాను.

మేం మాత్రం కొవ్వొత్తులు మానేశాం (పేరు అలాగే ఉండిపోయింది). పిల్లల్ని మీటర్ల గదికి తీసుకెళ్తాం. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంది కదా, దాని పక్కన యూనిట్‌కి 3200 అని రాసి ఉంటుంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపాక ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టమంటాం. మొదటి ఏడాది మా ఇంటి మీటరు నిమిషానికి ఎనిమిదిసార్లు మెరిసింది. మా అబ్బాయి గుణించి, భాగించి 150 వాట్లు అన్నాడు. "అన్నీ ఆపాం కదమ్మా, ఇదెవరు తింటున్నారు?" అని అడిగాడు. వెతికాం. ఫ్రిజ్ సరే. టీవీ ఆపినా సెట్‌టాప్ బాక్స్ వెచ్చగా ఉంది. వైఫై. ఎప్పటిదో ఇన్వర్టర్, బ్యాటరీ ముసలిదైపోయి రోజంతా చార్జి అవుతూనే ఉంది. ఆ ఇన్వర్టర్ గురించి లైట్లు వెలుగుతున్నంతకాలం మాకు తెలియనే తెలియదు.

ఇది పేరంటం అయితే కానివ్వండి, ఇంకా ఇద్దరిని పిలుస్తాను.


లెక్కల మాస్టారు
సాయంత్రం 4:20

ఎనిమిది గుణించు అరవై, భాగించు 3200. 0.15. అబ్బాయికి నూటికి నూరు మార్కులు.


సబ్‌స్టేషన్ తాత (రిటైర్డ్)
సాయంత్రం 6:05

పొద్దున్నించీ చదువుతున్నాను. ముప్పై ఏళ్లు కరెంటు పని చేసినవాణ్ని, నాలుగు మాటలు.

ముందు మాస్టారికి. మీ లెక్క సరైనదే కానీ ఒకటి వదిలేశారు. రాత్రి ఎనిమిదిన్నరకి ఆపిన యూనిట్, మధ్యాహ్నం పన్నెండుకి ఆపిన యూనిట్ ఒకటి కాదు. పగలు ఇప్పుడు సోలార్ దండిగా ఉంది. పొద్దు గూకాక సోలార్ సున్నా, అదే సమయానికి ఇళ్లల్లో వంటలు, టీవీలు, ఏసీలు. ఆ రెండు మూడు గంటలూ బొగ్గు కేంద్రాలని, జలవిద్యుత్తుని పిండుతాం. కరెంటు బయట కొనాల్సొస్తే ఎక్కువ రేటు పడేదీ అప్పుడే. ఎర్త్ అవర్ పెట్టినవాళ్లకి ఇది తెలిసి పెట్టారో లేదో గానీ టైము మాత్రం మంచి టైము.

రెండోది, ఏటా పేపర్లో ఢిల్లీలో ఇన్ని మెగావాట్లు ఆదా అని వేస్తారు. ఈసారి 269 అన్నారు. మెగావాట్ అంటే ఆ క్షణానికి ఉన్న వాడకం, అది ఆదా అవదు నాయనా, తగ్గుతుంది. గంటసేపు పూర్తిగా తగ్గి ఉంటే 2.69 లక్షల యూనిట్లు మిగిలినట్టు. జల కేంద్రాన్ని నిమిషాల్లో దించొచ్చు, ఎత్తొచ్చు. శ్రీశైలం, సాగర్ లాంటివాటికి ఆ ఒడుపుంది. బొగ్గు బాయిలర్ అలా కాదు, గంటకోసం ఆర్పి మళ్లీ ముట్టించే పొయ్యి కాదది. కొంత తగ్గిస్తాం, అంతే.

మూడోది అసలు కథ. 2020 ఏప్రిల్ 5 గుర్తుందా? కరోనా మొదటి లాక్‌డౌన్‌లో రాత్రి తొమ్మిదికి తొమ్మిది నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టమని ప్రధాని పిలుపునిచ్చారు. పన్నెండు, పద్నాలుగు వేల మెగావాట్లు తగ్గుతుందని అంచనా కట్టాం. ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు ఆపకండి, లైట్లు మాత్రమే అని కేంద్ర విద్యుత్ శాఖ ముందే చెప్పింది. తగ్గింది 31,000కి పైగా. ఇరవై అయిదు నిమిషాల్లో. దేశమంతా జలవిద్యుత్తుని పదిహేడు వేల మెగావాట్లకు పైగా దించి, మళ్లీ ఎత్తారు. ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ మారుతుందన్న లెక్క, 50 దగ్గర నిలబడాల్సింది 49.7 నుంచి 50.26 దాకా ఊగింది. మామూలుగా మేం 49.9కీ 50.05కీ మధ్య ఉంచాలని తంటాలు పడతాం. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు దీపం పెట్టలేదు, తెరమీద అంకె చూస్తూ చెమటలు తుడుచుకున్నారు. నేనూ ఒకణ్ని. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మా పని, అందుకే దానికి ఫొటోలుండవు.

ఎందుకు భయమంటే 2012 జూలై 30, 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు (ప్రాంతమంతటినీ కలిపే కరెంటు లైన్ల వలలు) కూలి అరవై కోట్ల మంది చీకట్లో పడ్డారు. మన దక్షిణాది అప్పటికి వాళ్లతో కలవలేదు కాబట్టి బతికిపోయాం. 2013 డిసెంబరు 31న రాయచూర్-సోలాపూర్ లైనుతో కలిశాం. ఇప్పుడు దేశమంతా ఒకటే తాడు.


వెలుగు వీరాభిమాని
సాయంత్రం 6:40

తాతగారూ నమస్కారం. కానీ ఆ దీపాలు వేరు, ఇది వేరు. అది దేశం కోసం.


ఫ్లడ్‌లైట్
సాయంత్రం 6:44

బ్రో, పొద్దున "చీకటిని పండగ చేసుకోవడం కడుపు నిండినవాళ్ల పని" అన్నట్టు రాశారు. 2020లో మీ బాల్కనీలో దీపం పెట్టారా లేదా? నిజం చెప్పండి.


వెలుగు వీరాభిమాని
సాయంత్రం 6:51

పెట్టాను. పదకొండు.


ఫ్లడ్‌లైట్
సాయంత్రం 6:52

నేను పెట్టలేదు, నవ్వాను. నిన్న రాత్రి మాత్రం గంటసేపు లైట్లార్పి స్టేటస్ పెట్టాను. సరే, ఇద్దరం ఒకటే బాపతు. ఎవరు ఆర్పమన్నారన్నదే చూశాం.


సబ్‌స్టేషన్ తాత
సాయంత్రం 7:00

గ్రిడ్‌కి ఆ తేడా తెలియదు బాబూ. రెండు రాత్రులూ దానికి తగ్గిన లోడే.


చుక్కల పిచ్చి, విశాఖ
రాత్రి 8:15

అందరూ కరెంటు గురించే మాట్లాడుతున్నారు. చీకటి గురించి ఎవరూ మాట్లాడరేం?

నిన్న బహుళ అష్టమి చంద్రుడు, అర్ధరాత్రి దాకా ఉదయించడు. ఎనిమిదిన్నరకి మేడమీద పడమటి వైపు చూస్తే గురుడు రోహిణికి కాస్త దూరంలో, పైన పునర్వసు జంట దగ్గర ఎర్రగా కుజుడు, మధ్యలో మృగశిర, ఆర్ద్ర. మా వీధిలో నాలుగు ఇళ్లు ఆర్పాయి. అయినా వీధి చివర షాపింగ్ మాల్ హోర్డింగు మీద ఆరు ఫోకస్ లైట్లు ఆకాశంలోకే కొడుతున్నాయి. కృత్తికల్లో ఆరు చుక్కలు లెక్కపెట్టాలని మా చెల్లి కొడుకుని కూర్చోబెట్టాను. మూడు దాటలేదు. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో నేను వాడి వయసులో ఆరూ చూశాను.

ఇంకోటి. ఈ నెలల్లో మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి. అవి వెలుతురున్న వైపు పాకుతాయి. మామూలుగా అటు సముద్రం మెరుస్తుండాలి. బీచ్ రోడ్డు మెరిస్తే రోడ్డెక్కుతాయి. వాటికి ఒక గంట ఏ మూలకి? సీజనంతా ఆర్పాలి, అదీ మనింట్లో ట్యూబ్‌లైటు కాదు, బీచ్ వైపు తిప్పిన దీపాలు.


లెక్కల మాస్టారు
రాత్రి 9:05

తాతగారి సాయంత్రం పూట మాట ఒప్పుకుంటున్నాను. దానికీ లెక్క కట్టాను. నాన్నగారి 80 ఫ్లాట్లలో ఇంటికి నాలుగు ఫ్యాన్లు అనుకుంటే 320. పాత ఫ్యాను 75 వాట్లు. బీఎల్‌డీసీ అని, తక్కువ కరెంటు తినే మోటారుతో ఇప్పుడు వస్తున్నవి 30. రోజుకి పది గంటలు తిరిగితే ఫ్యానుకి 0.45 యూనిట్లు మిగులు, మొత్తం 144 యూనిట్లు. రోజుకి. అందులో కొంత మీ సాయంత్రం గంటల్లోనే. ఎర్త్ అవర్‌లో వాళ్లు మిగిల్చింది ఏడాదికి 6.4.

మనవాళ్లు మారరని కూడా అనకండి. ఎల్‌ఈడీ బల్బు ప్రభుత్వం కొన్న ధర 2014లో 310 రూపాయలు, 2016కి 38. ప్రభుత్వం చవగ్గా ఇచ్చిన ఉజాలా పథకంలో 36 కోట్లకు పైగా బల్బులు జనానికి చేరాయి. చుక్కల పిచ్చిగారి విశాఖలోనే హుద్‌హుద్ తుపాను తర్వాత వీధి లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చారు. ఒక్కడూ కొవ్వొత్తి పట్టుకోలేదు. చవకైంది, మార్చారు.


కొవ్వొత్తుల బ్యాచ్
రాత్రి 9:20

మాస్టారూ, ఫ్యాన్ల సంగతి మీటింగులో పెడితే ఎవరు వింటారనుకుంటున్నారు? ఆ గంట మీటర్ల గదిలో నిలబడ్డ పిల్లల తల్లిదండ్రులే వింటారు. మా దగ్గర ఇరవై రెండు ఇళ్లు ఫ్యాన్లు మార్చాయి.


చుక్కల పిచ్చి
రాత్రి 9:26

నేను మాత్రం విశాఖ ఎల్‌ఈడీలని తిడుతూనే ఉంటాను. తెల్లగా, కళ్లల్లో పొడిచినట్టు. చవకయ్యాక ఎక్కువ పెట్టారు.


మూడో అంతస్తు నాన్న
26 మార్చి, రాత్రి 10:10

ఆలస్యానికి ఏమీ అనుకోకండి, పాపకి ఇవాళ లెక్కల పరీక్ష. బాగానే రాసిందట.

నిన్న అసోసియేషన్ మీటింగు జరిగింది. నీళ్ల క్యాన్ కుర్రాడికి మందులకీ క్యాన్‌కీ డబ్బులివ్వాలన్నాను. ఇచ్చారు, ముఖం మాడ్చుకుని. మాస్టారి ఫ్యాన్ల లెక్క ప్రింటు తీసి చదివాను. పెద్దాయన "ఫ్యాను ఎంత?" అని అడిగాడు. మూడు వేల దాకా అన్నాను. "80 ఇళ్లకి ఒకేసారి కొంటే తగ్గిస్తారా?" అన్నాడు. మనిషి అంత చెడ్డవాడేం కాదు, వ్యాపారస్తుడు.

ఇంకో విషయం. చుక్కల పిచ్చిగారు హోర్డింగు అంటే గుర్తొచ్చింది. మా గేటు మీద అపార్ట్‌మెంట్ పేరు అక్షరాల వెనక పన్నెండు ఫోకస్ లైట్లున్నాయి. ఎర్త్ అవర్‌లో కూడా వెలుగుతూనే ఉన్నాయి. డ్రోన్ వీడియోలో స్పష్టంగా కనబడుతోంది, మా పాప కిటికీ కంటే ఎక్కువగా. ఎందుకు ఆర్పలేదని అడిగితే సెక్రటరీకి స్విచ్ ఎక్కడుందో తెలియదు. బిల్డర్ పెట్టినప్పటి నుంచి ఆరేళ్లుగా పగలూ రాత్రీ వెలుగుతున్నాయట.

మీటింగయ్యాక నేనూ వాచ్‌మనూ వెతికాం. వాచ్‌మన్ గదిలోనే ఉంది, తిరుపతి క్యాలెండర్ వెనక. ఎంసీబీ స్విచ్ మీద దుమ్ము. నొక్కితే దిగలేదు, బిగుసుకుపోయింది. రేపు పొద్దున ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు.

తాతగారూ, దానికి టైమర్ పెట్టాలంటే ఎన్ని ఆంపియర్లది తెమ్మంటారు?


సబ్‌స్టేషన్ తాత
26 మార్చి, రాత్రి 10:32

ముందు ఆ పన్నెండూ ఒక్కోటి ఎన్ని వాట్లో చూసి చెప్పు నాయనా. మెయిన్ ఆపకుండా పెట్టె విప్పనివ్వకు. ఎలక్ట్రీషియన్‌కి తొందరున్నా సరే.